మొక్కు వెంట్రుకలు

కామారెడ్డి ఊరి చివర ఒక ట్రస్టు వాళ్ళు నడిపే బాలల గృహం ఉంది. దాని సామాన్ల గదిలో బియ్యం బస్తాలకూ పాత పరుపులకూ మధ్య ఒక ఇనుప ట్రంకుపెట్టె ఉంటుంది. దాని తాళంచెవి ఆయా గ్లోరీ కొంగుముడిలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. కొత్తగా చేరిన వంటమనిషి హన్మవ్వ ఒకనాడు ఆ పెట్టె తెరిచి ఉండగా ఆశగా తొంగిచూసి, ముక్కుమీద వేలేసుకుంది. లోపల నగల్లేవు, పట్టుచీరెల్లేవు. గుడ్డపేలికల్లో కట్టిన చిన్నచిన్న మూటలు, మూటమూటకూ పేరు రాసిన అట్టముక్క. మూటల్లో ఉన్నవి పిల్లల వెంట్రుకలు.

"ఏందే గ్లోరమ్మ, ఎంటికలకు స్టీలు గిన్నెలిచ్చెటోని లెక్క జమ జేసినవు. ఎప్పుడమ్ముతవ్?" అంది హన్మవ్వ. అని ఊరుకుందా అంటే, మధ్యాహ్నం అన్నాలయ్యేలోపు గృహమంతా టాంటాం చేసింది. అప్పట్నుంచి గ్లోరీకి 'ఎంటికలమ్మ' అనే పేరు ఖాయమైంది.

గ్లోరీ నోరులేని మనిషేం కాదు. పప్పు పలచనైతే సూపరింటెండెంటు మేడంనైనా నిలబెట్టి అడుగుతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరేమన్నా పడుతుంది. తాను పడాల్సిన మాటే అది అని ఆమె అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే ఐదేళ్ళు వెనక్కి పోవాలి.

గ్లోరీది ఎల్లారెడ్డి. తల్లి మరియ బీడీలు చుట్టి ఆమెను పెంచింది. మరియ చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నారు కాబట్టి, గ్లోరీకి పుట్టినప్పట్నుంచీ చర్చి తప్ప వేరే గుడి తెలియదు. పదో తరగతి తప్పింది, బీడీలు చుట్టింది, లారీ డ్రైవరు యోబును పెళ్ళాడింది, ఇద్దరు కొడుకులను కన్నది. కొడుకులు చేతికందాక ఈ గృహంలో ఆయాగా కుదిరింది. పిల్లలకు నీళ్ళు పోయడం, అన్నం తినిపించడం, పక్కలు మార్చడం ఆమె పని. ఆదివారం ఎల్లారెడ్డి బస్సెక్కి తల్లిని చూసివస్తుంది.

ఆ జనవరిలో ఎల్లారెడ్డి బస్టాండులో ఒక లంబాడీ ముసలమ్మ నిలబడ్డచోటే కూలబడింది. అంబులెన్సు వచ్చి ఆమెను ఎత్తుకుపోయింది. ఆ గడబిడలో ఆమె వెంట ఉన్న మూడేళ్ళ మనవరాలు సోడాబండి కింద దాక్కుని ఉండిపోయింది. సాయంత్రం దాకా ఎవరూ రాకపోయేసరికి కండక్టరు పోలీసులకు అప్పజెప్పాడు. పోలీసులు కామారెడ్డి గృహానికి తెచ్చారు. పేరడిగితే పిల్ల బుజ్జి అని మాత్రం చెప్పింది.

మర్నాడు పొద్దున గ్లోరీ ఆ పిల్లకు నీళ్ళు పోయబోయి తల చూసి అదిరిపోయింది. వెంట్రుకలు జడలు కట్టి తాళ్ళలా ఉన్నాయి. దువ్వెన దూరే సందు లేదు. తలనిండా పేలు. వెనకవైపు ఒక జడకు ఎర్రదారం చుట్టి, దారానికి ఒక గవ్వ కట్టి ఉంది. పేలున్న పిల్ల కొత్తగా వస్తే గుండు గీయడం గృహంలో రివాజు. గ్లోరీ కత్తెర అందుకునేసరికి పిల్ల రెండు చేతులతో తల గట్టిగా పట్టుకుని, "యాడీ, యాడీ" అని అమ్మను పిలుస్తూ ఏడ్చింది. గ్లోరీ చేతిని కరిచింది కూడా. ఇంకొక ఆయా పిల్ల చేతులు ఒడిసిపట్టుకుంది. గ్లోరీ కత్తిరించింది, పైన మిషను పెట్టింది, రాలినదంతా గవ్వతో సహా చీపురుతో ఊడ్చి నీళ్ళు కాగే పొయ్యిలో వేసింది. పిల్లకు మంచి చేశాననే అనుకుంది పాపం.

ఆ మధ్యాహ్నం విచారణాధికారి వచ్చి, పిల్ల ఎలాంటి స్థితిలో వచ్చిందని అడిగితే గ్లోరీ కడుపులో మాట కక్కేసింది.

"ఏడాది సంది ఈ పొల్ల తలకు ఎవ్వలు చెయ్యి వెట్టలే సార్. తల్లి ఉన్నా లేనట్టే."

ఆయన ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. కింద ఆమె చేత సంతకం పెట్టించుకున్నాడు.

తొమ్మిదో రోజున తల్లి వచ్చింది. పేరు సక్రీబాయి. ఎల్లారెడ్డి అవతల తండా. పెనిమిటితో కలిసి మహారాష్ట్రలో చెరకు కొట్టే పనికి పోయింది. తన తల్లికి పక్షవాతం వచ్చిందని, నోరు పడిపోయిందని, బిడ్డ జాడ తెలియదని ఫోనొస్తే కొడవలి అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చింది. రేషన్ కార్డుంది, అంగన్‌వాడీ పుస్తకంలో పిల్ల పేరుంది. తల్లి అవునా కాదా అన్న అనుమానం ఎవరికీ లేదు. తల్లిని చూడగానే బుజ్జి ఎగిరి మెడకు చుట్టుకుంది. సక్రీబాయి బిడ్డ గుండుమీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకుంది. తర్వాత నేలమీద కూర్చుండిపోయింది. ఎంత అడిగినా మాట్లాడలేదు.

పిల్లలను ఎవరికి అప్పగించాలో తేల్చేది బాలల సంక్షేమ సమితి. దాని ముందుకు బుజ్జి ఫైలు పోయింది. అధ్యక్షుడు చక్రధర్ రిటైరైన హెడ్‌మాస్టరు. కఠినుడేం కాదు, కాని కాగితం మీద ఉన్నదాన్ని కాదనే మనిషి కాదు. ఆయన సక్రీబాయిని ఒకటే అడిగాడు.

"బిడ్డ తల ఎప్పుడు దువ్వినవమ్మా?"

"ఎన్నడు దువ్వలే సార్," అంది సక్రీబాయి.

ఇంకేం కావాలి? ఆయా వాంగ్మూలానికి తల్లి ఒప్పుకోలు తోడైంది. పైగా ఆరునెలలు ఊళ్ళో ఉండని తల్లిదండ్రులు, మంచాన పడ్డ అమ్మమ్మ. తండాకు పోయిన విచారణాధికారి ఇంటికి తాళం చూసి తిరిగొచ్చాడు. రెండు వారాల తర్వాత మళ్ళీ కూర్చుంటామని, అంతలోగా వేరే ఏ సంగతీ తేలకపోతే తల్లి బిడ్డను పట్టించుకోలేదని నమోదు చేసి పిల్లను గృహంలోనే ఉంచుతామని చక్రధర్ చెప్పాడు. ఉంచడమంటే వారం పది రోజులు కాదు. అలా ఉంచిన పిల్లలు అక్కడే చదువుకుని, అక్కడే పెద్దవాళ్ళయి, తండా భాష మరిచిపోవడం గ్లోరీ ఎంతమందిని చూడలేదు!

ఆదివారం ఎల్లారెడ్డిలో గ్లోరీ ఈ కథంతా తల్లికి చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె గొంతులో సక్రీబాయి మీద కోపమే ఉంది. మరియ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. వింటూ వింటూ కత్తెర ఆపింది.

"ఎంటికలకు ఎర్రదారం ఉండెనా?"

"ఉండె. గవ్వ గూడ ఉండె."

మరియ చాట పక్కన పెట్టింది. "గవి మొక్కెంటికలు బిడ్డ. బతుకని పిల్లలున్నోళ్ళు దేవతకు మొక్కి ఇడుస్తరు. కత్తెర దాకొద్దు, దువ్వెన దాకొద్దు. మేనమామ ఒళ్ళ కూసోవెట్టి తియ్యాలె."

"నీకెట్ల ఎర్క?"

"నాకుండె గదా. నాకంటె ముందు ఇద్దరు పోయిండ్రట. నన్ను గన్న మా అవ్వ నాకు ఎల్లమ్మ పేరుమీద జడలు ఇడిచింది. బాప్తిస్మం నాడు పాస్టరు కొయ్యమన్నడు. మా అవ్వ కోసింది గని, మూడొద్దులు అన్నం ముట్టలే." మరియ మళ్ళీ కత్తెర అందుకుంది. "నీకెన్నడు చెప్పకపోతి. మనకెందుకని," అంది.

ఇంట్లోనే ఉన్న సంగతి నలభై ఆరేళ్ళుగా గ్లోరీకి తెలియదు. తెలియనిదాన్ని మురికి అనుకుంది. అనుకుని సంతకం కూడా పెట్టింది. ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు.

సక్రీబాయి తండాకు పోలేదు. రోజూ గృహం గేటుకు ఎదురుగా చాయ్ హోటలు రేకుల కింద కూర్చునేది. వారానికి ఒకసారే బిడ్డను చూడనిస్తారు, అయినా అక్కడే ఉండేది. సోమవారం గ్లోరీ రెండు చాయ్‌లు తీసుకుని ఆమె పక్కన కూర్చుంది.

"సక్రీ, పొల్ల ఎంటికలు మొక్కుకు ఇడిచినవా?"

సక్రీబాయి చాయ్ గ్లాసు కింద పెట్టింది. "నాకు ఇద్దరు పుట్టి పోయిండ్రక్క. ఒకడు చెర్కుతోటలనే పోయిండు. బుజ్జి పుట్టినంక సీత్లా భవానికి మొక్కిన. ఐదేండ్లు నిండినంక మా తమ్ముడు భీమేష్ ఒళ్ళ కూసోవెట్టి తీస్తనని."

"మరి సార్లకు ఎందుకు చెప్పలే?"

"చెప్తె ఏమొస్తది? ఎంటికలైతె పాయె. మొక్కు చెడిపోయిందని నా నోటితోని అంటె గది నా బిడ్డకు తాకుతదని బుగులైంది."

గ్లోరీ వైపు తిరిగి, "ఎవ్వలు కోసిండ్రో నీకు ఎర్కనా అక్క?" అని అడిగింది.

"ఎర్కలే," అంది గ్లోరీ. అంతకు ముందు ఆమె అబద్ధాలాడలేదని కాదు. జీవితంలో సిగ్గుపడ్డ అబద్ధం మాత్రం అదే. చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చి బట్టలుతికే గదిలో ఏడ్చింది.

సూపరింటెండెంటు అరుణజ్యోతికి చెప్పక తప్పలేదు. ఆమె చెడ్డ మనిషి కాదు. నలభైమంది పిల్లలను తక్కువ జీతాలతో నెట్టుకొస్తున్న మనిషి. విని, తలుపు దగ్గరగా వేసింది.

"గ్లోరీ, సంతకం నీది. ఇప్పుడు తప్పు చెప్పానంటే రేపు నీ మాటకు విలువ ఉండదు. ట్రస్టు వాళ్ళు అడిగితే నేను నిన్ను కాయలేను. చెప్పొద్దు అనడం లేదు. ఆలోచించుకుని చెప్పు."

"ఆలోచన చేస్తె భయమైతది మేడం. చెయ్యకుంటనే చెప్త," అంది గ్లోరీ.

సమితి కూర్చున్న రోజు ఆమె ఇస్త్రీ చీర కట్టుకుంది. వాళ్ళు కూర్చునే గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, మూలన బీరువా. ఒక గోడకానుకుని సక్రీబాయి, ఆమె తమ్ముడు భీమేష్ నిలబడ్డారు. చక్రధర్ ఫైలు తెరవగానే గ్లోరీ చేతులు కట్టుకుని ముందుకొచ్చింది.

"సార్, గా కాగితంల ఉన్నది నా మాట. గది తప్పు. పొల్ల ఎంటికలు తల్లి పట్టించుకోక గట్ల కాలే. మొక్కుకు ఇడిచింది. దువ్వొద్దని దువ్వలే. తెల్వక నేనే కోసిన."

గ్లోరీ సక్రీబాయి వైపు చూడలేకపోయింది. చూడకపోయినా, ఆమె తన వైపే చూస్తోందని తెలుస్తూనే ఉంది.

చక్రధర్ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "ఆ రోజు నీ మాట నమ్మి రాసుకున్నం. ఇయ్యాల గూడ నీ మాటనే. రెండిట్ల ఏది నమ్మాల్నమ్మా?"

"ఆ రోజు నేను చూసింది చెప్పిన సార్. ఎవ్వల్ని అడగలే. ఇయ్యాల అడిగి చెప్తున్న."

చక్రధర్ సక్రీబాయిని దగ్గరికి పిలిచి, మొదటిసారి అడగాల్సిన ప్రశ్న అప్పుడడిగాడు. "ఎందుకు దువ్వలేదమ్మా?"

సక్రీబాయి చెప్పింది. మొదట తెలుగులో మొదలుపెట్టింది, ఇద్దరు పిల్లలు పోయిన చోటికొచ్చేసరికి లంబాడీలోకి జారిపోయింది. భీమేష్ ఒక్కో మాటా తెలుగులో చెప్పాడు. చెరకుతోటలో పిల్లవాణ్ణి పూడ్చిన మాట కూడా చెప్పాడు. బల్ల అవతల కూర్చున్నవాళ్ళలో ఒకామె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అయినా చక్రధర్ అక్కడికక్కడ తేల్చలేదు. తండాకు పోయి విచారించి రమ్మని అధికారిని పంపాడు. ఈసారి తాళం చూసి తిరిగిరావొద్దనీ, ముసలివాళ్ళతో కూర్చుని మాట్లాడమనీ చెప్పాడు. గ్లోరీని కూడా వెంట తీసుకుపొమ్మన్నాడు. తండాలో ఇంకొక ఇంట్లో ఎర్రదారం కట్టిన జడలతో ఇద్దరు మగపిల్లలు గోలీలాడుతూ కనిపించారు. బుజ్జి అమ్మమ్మ మంచంలో పడుకుని ఉంది. మాట రాని ఆ ముసలమ్మ, బుజ్జి పేరు వినగానే కదిలే ఒక్క చేతిని ఎత్తి తన తలమీద పెట్టుకుని చూపించింది. అధికారి చెప్పులు బయట విడిచి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఆ రోజు ఆయన మూడు పేజీలు రాసుకున్నాడు.

వారం తిరిగేసరికి బుజ్జిని తల్లికి అప్పగించమని ఉత్తర్వు వచ్చింది. చెరకు సీజనులో పిల్లను భీమేష్ భార్య చూసుకునేటట్టు, నెలకోసారి అధికారి పోయి చూసివచ్చేటట్టు అందులో రాశారు. గ్లోరీ ఉద్యోగం పోలేదు. ట్రస్టు వాళ్ళు ఒక మెమో ఇచ్చారు, ఆమె దాన్ని మడిచి బైబిల్లో పెట్టుకుంది.

అప్పగించే రోజు గ్లోరీ బుజ్జికి తానే కొత్త గౌను తొడిగి గేటు దాకా ఎత్తుకొచ్చింది. సక్రీబాయి బిడ్డను చంకనెత్తుకుంది. కృతజ్ఞతలు చెబుతుందని గ్లోరీ అనుకోలేదు, ఆమె చెప్పలేదు కూడా.

"చాయ్ తాపిన నాడే చెప్పకపోతివక్క," అంది.

"భయమైంది సక్రీ."

సక్రీబాయి తలూపింది. భయం సంగతి ఆమెకు తెలియంది కాదు. వెళ్ళబోతూ ఆగి అడిగింది. "ఎంటికలు ఏడున్నయ్? ఇస్తివంటె గుడికాడ వెడ్త. గంతే చాలు."

గ్లోరీ దగ్గర జవాబు ఒక్కటే ఉంది. "పొయ్యిల ఏసిన."

సక్రీబాయి ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బిడ్డ గుండును కొంగుతో కప్పి, "మల్ల మొదటి కాంచి పెంచుత," అని భీమేష్ బండి ఎక్కింది.

ట్రంకుపెట్టె ఆ వారమే వచ్చింది. గ్లోరీ పాత సామాన్ల దుకాణంలో కొనుక్కొచ్చింది. అప్పట్నుంచి ఆ గృహంలో తల్లినో, అమ్మమ్మనో, ఊరివాళ్ళనో అడగకుండా ఏ పిల్ల తలకూ కత్తెర తాకదు. పేలుంటే మందు పెడుతుంది, వేళ్ళతో ఏరుతుంది, ఓపిక పడుతుంది. తప్పనిసరై తీయాల్సి వస్తే ఒక్క వెంట్రుక వదలకుండా ఏరి మూట కట్టి పేరు రాస్తుంది. తండా పిల్లలెవరైనా వచ్చారని తెలిస్తే తీరికవేళ తన బస్సుచార్జీతో తండాకు పోయి పెద్దవాళ్ళను పట్టుకొస్తుంది. సమితి ముందు వాళ్ళు తడబడితే పక్కన నిలబడి, "జెర ఆగుండ్రి సార్, ఎందుకో అడుగుండ్రి," అంటుంది. చక్రధర్ పదవిలో ఉన్నన్నాళ్ళూ ఆ మాటకు నవ్వి పెన్ను కింద పెట్టేవాడు. తర్వాత వచ్చినవాళ్ళకు మొదట్లో విసుగొచ్చింది. ఇప్పుడు వాళ్ళకూ అలవాటైంది.

బుజ్జికిప్పుడు ఎనిమిదేళ్ళు. మొక్కు మళ్ళీ మొదటి నుంచి లెక్క కాబట్టి జడలు ఇంకా ఉన్నాయి, నడుము దాకా వచ్చాయి. బడిలో చేర్చినప్పుడు, ఈ తలతో కూర్చోబెట్టుకోలేమని కొత్త టీచరమ్మ కబురు పెట్టిందట. సక్రీబాయి ఫోను చేస్తే గ్లోరీ సెలవు పెట్టి పోయి, ఆ టీచరమ్మ ముందు తన కథ తానే చెప్పుకుంది. తన తప్పును అలా ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పిందో ఆమెకే తెలియదు.

ఏటా ఆషాఢంలో సీత్లా పండుగకు తండా నుంచి పిలుపొస్తుంది. గ్లోరీ బిస్కట్ల పొట్లంతో పోతుంది. మొక్కులప్పుడు దూరంగా కూర్చుంటుంది, భోజనాలప్పుడు అందరితో కలుస్తుంది. బుజ్జికి ఆమెంటే ఇష్టమే. దూరం నుంచే చూసి పరుగెత్తుకొస్తుంది, ఒడిలో కూర్చుంటుంది, బడి ముచ్చట్లన్నీ చెబుతుంది. గృహంలో గడిపిన రోజులు దానికి గుర్తు లేవని సక్రీబాయి అంటుంది. అయి ఉండవచ్చు. కాని ఒడిలో కూర్చున్నంతసేపూ ఆ పిల్ల రెండు చేతులూ తలమీదే ఉంటాయి. బిస్కట్లు గ్లోరీయే నోటికందించాలి.

మొన్నటి పండుగనాడు గ్లోరీ ఉండబట్టలేక అనేసింది. "తాకను బిడ్డ. చేతులు దించుకో."

"నాకెర్కనే గదా గ్లోరమ్మ," అంది బుజ్జి నవ్వుతూ. అని, చేతులు అలాగే ఉంచుకుంది.